సాక్షి పెట్టె

తమ్ముడి చివరి తీర్పు ఏమిటో నాకు సర్వేయరుగారు చెప్పారు. ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని, మా మరదలు ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుని, "పనికిరాదన్నాడండీ," అన్నారు.

ఆయన నమూనా బండ్ల సంఘానికి అధ్యక్షులు. భూములు కొలిచే ఉద్యోగం మానేసి చాలాకాలమైనా చొక్కా జేబులో కొలిచే పరికరం ఏదో ఒకటి ఉంటుంది కనక చాటున అందరూ ఆయన్ని కొలబద్ద అంటారు. ఆ సంఘంవాళ్ళు పెట్టెల్లో వచ్చే విడిభాగాలు అతికించి, సైన్యపు బండ్లను అరచేతిలో పట్టేంత చిన్నవిగా తయారుచేస్తారు. వాళ్ళ మాటలో దాన్ని కట్టడం అంటారు. పెద్ద కంపెనీల పెట్టెల గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఇంటి వెనక షెడ్డులో ఇద్దరు మనుషులు పోతపోసి అమ్మే పెట్టెలు మంచివో కావో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. మా తమ్ముడు ఆ పని చేసేవాడు. సంఘం పత్రికలో అతని పేజీ చదివాకే కొనేవాళ్ళు కొనేవాళ్ళు, మానేవాళ్ళు మానేవాళ్ళు.

పగలు అతను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. సాన ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

"ఈ సంచిక అతని జ్ఞాపకంగా వేస్తున్నాం," అన్నారు సర్వేయరుగారు. "చివరి తీర్పు కూడా ఉంటే బాగుంటుంది. తను కడుతున్న క్రేను లారీ గురించి పోయే ముందు నాతో ఫోన్లో చెప్పాడు. వెనక్కి కూర్చుండిపోయిందట. చక్రాలు మడ్గార్డుల్లోకి దూరిపోయాయట. నేనూ ఒకటి కట్టాను, నాదీ అంతే. ఇద్దరం చూసి చెబుతున్న మాట. కొనకండి అని రెండు ముక్కలు వేసి, కింద అతని పేరు పెడతాం."

కిటికీ పక్క బల్ల మీద ఆ లారీ ఉంది. బురదలో దిగబడ్డ ట్యాంకులను బయటికి లాగే ఆరు చక్రాల బండి. తమ్ముడికి తుపాకులు లేని బండ్లంటేనే ఇష్టం. అంబులెన్సులు, వంట బండ్లు, వంతెన మోసుకెళ్ళేవి. అవి ఎవరూ కొనరు కనక పెద్ద కంపెనీలు చేయవు.

"తమ్ముడు దాన్ని పూర్తి చేశాడా?" అని అడిగాను.

"ఎక్కడండీ! క్రేను ఇంకా ఎక్కించనే లేదు."

"అయితే అది తీర్పు కాదు."

"అదేమిటమ్మా?"

"పూర్తిగా కట్టకుండా మంచిచెడ్డలు చెప్పకూడదని మీ పత్రికలోనే రాశాడు. ఫోన్లో అన్నది విసుగు. విసుగును అచ్చువేసి కింద అతని పేరు పెట్టకండి."

ఆయన కప్పు కింద పెట్టారు. "నెలాఖరుకి సంచిక అచ్చుకి వెళ్ళాలి. మరి కట్టేదెవరు?"

"నేను కడతాను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మరదలు ఫక్కున నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

"టీచరుగారూ, సుద్దముక్క పట్టుకున్నంత తేలిక కాదండీ ఇది," అన్నారు సర్వేయరుగారు.

"సుద్దముక్క పట్టుకోవడం తేలికని మీకెవరు చెప్పారు?"

ఆయన వెళ్ళాక మరదలు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "వదినా, ఆ కిటికీ దగ్గరే నాకు కుట్టుమిషను పెట్టుకోవాలి. ఇంట్లో వెలుతురున్న చోటు అదొక్కటే. మిషను వచ్చేదాకా బల్ల మీది. వచ్చాక నాది."

"సరే."

"మీ తమ్ముడు నా మొహం కంటే ఆ చక్రాల మొహం ఎక్కువ చూశాడు. ఇప్పుడు మీరు మొదలెట్టండి."

బడి వదలగానే రోజూ అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. నాకు ఆ విద్య రాదు. అయితే ఏళ్ళ తరబడి అదే బల్లకి ఒక చివర నేను పిల్లల జవాబు కాగితాలు దిద్దుకుంటుంటే, మరో చివర కూర్చుని అతను తనలో తాను మాట్లాడుకున్నట్టు నాతో మాట్లాడేవాడు. "పెట్టె మీద బొమ్మ చూడకు అక్కా, అది సినిమా పోస్టరు. ముక్కని వెలుతురుకి పట్టి చూడు. లోపల గాలి బుడగలుంటే నీడల్లా కనిపిస్తాయి. అంచు మీద గోరు పెట్టి లాగు. గోరు తగులుకుంటే అచ్చు కొత్తది, జారిపోతే అరిగినది. పొడుగు ముక్కలని గాజుపలక మీద పెట్టి మూల నొక్కు. ఊగితే మెలిపడిందన్నమాట. మెలిపడితే పడనీ, వేడినీళ్ళలో ముంచితే దారికొస్తుంది. సరిచేయగలిగింది లోపం కాదు, పని. సరిచేయలేనిదే లోపం."

ఇంకో పద్ధతి కూడా ఉండేది అతనికి. ప్రతి పెట్టే రెండు తెప్పించేవాడు. ఒకటి కట్టడానికి, ఒకటి సాక్ష్యానికి. సాక్షి పెట్టెకి వేసిన టేపు, మొదటిది పూర్తయ్యేదాకా విప్పేవాడు కాదు. పూర్తయ్యాక విప్పి, కట్టినదాన్నీ కట్టనిదాన్నీ ముక్కకి ముక్క పక్కన పెట్టి చూసుకునేవాడు. చెడింది పెట్టెలోనా, తన చేతిలోనా అని అప్పుడు తేల్చుకుని, ఆ తర్వాతే కలం తీసేవాడు.

క్రేను లారీ సాక్షి పెట్టె బీరువా పైఅరలో టేపు వేసినట్టే ఉంది.

"విప్పి చూస్తే పోలా?" అంది మరదలు.

"పూర్తయ్యాక."

"అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకటే పిచ్చి."

ముందు క్రేను మీద పడ్డాను. రెజిన్ అనే చిక్కటి ద్రవాన్ని రబ్బరు అచ్చుల్లో పోసి ఈ ముక్కలు చేస్తారు. పోసినచోట మిగిలిన రెజిన్ గడ్డకట్టి ప్రతి ముక్కకీ ఒక బొడిపె మిగులుతుంది. దాన్ని వాళ్ళు బొడ్డు అంటారు. సన్న రంపంతో బొడ్డు కోసి, గరుకు కాగితంతో రుద్ది, అప్పుడు అతికించాలి. మొదటి బొడ్డు కోస్తూ ముక్కనే సగానికి కోశాను. రెండోదాన్ని కోస్తూ వేలు కోసుకున్నాను. మూడోది పోసినచోట కాకుండా ఇంకెక్కడో కోశాను. మరదలు కట్టుగుడ్డ తెచ్చి వేలికి చుడుతూ, "మీ పిల్లలకి చెప్పకండి, బల్లలు కోయడం మొదలెడతారు," అంది.

క్రేనుకి వేసే తాడుగా పెట్టెలో ఇచ్చిన నూలు పీచులేచిపోయి ఉంది. మరదలు తన దారపు రీలు తెచ్చి, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగి, పీచు అణిచి ఇచ్చింది. నిజమైన ఇనప తాడులా మెరిసింది. కొక్కెం మాత్రం ఎంత రుద్దినా మొద్దుగానే ఉంది. అచ్చులోనే మందంగా వచ్చింది. కిటికీ అద్దాలు పొగచూరినట్టున్నాయి. టైర్ల మీద గాట్లు మాత్రం వెలుతురుకి పట్టి చూస్తే ఎంత ముద్దుగా ఉన్నాయో! గోరు ప్రతి గాటుకీ తగులుకుంది. ఇంత శ్రద్ధగా టైర్లు చెక్కిన మనిషి, బండిని వెనక్కి కూలబడేలా ఎందుకు చేస్తుంది? ఆ ప్రశ్న బళ్ళో కూడా నన్ను వదల్లేదు.

పెట్టెలోని సూచనల కాగితం మీద తయారుచేసినావిడ ఫోన్ నంబరు ఉంది. ఫోన్ చేసి నేనెవరో చెప్పాను.

"ఆయన అచ్చువేసే ముందు తప్పకుండా ఫోన్ చేసేవారండీ," అంది ఆవిడ. "మొహమాటం లేకుండా తిట్టేవారు. ఈసారి రాలేదేమిటా అని చూస్తూ కూర్చున్నాను. తర్వాత తెలిసింది."

"తీర్పు ఇంకా రాయలేదండీ. నేను పూర్తిచేస్తున్నాను."

"బండి వెనక్కి కూర్చుంటోందట కదా. మీ అధ్యక్షులుగారు ఎవరితోనో అన్నారట, నా చెవిన పడింది. అలా కూర్చోకూడదండీ. అసలు బండి ఒక పాతసామాన్ల దొడ్లో తుప్పుపట్టి పడి ఉంటే, నేనూ మా నాన్నా దాని కింద పడుకుని కొలిచాం. నాన్న వీపంతా గీసుకుపోయింది." ఆవిడ గొంతు తగ్గించింది. "కానీ తప్పుంటే తప్పేనండీ. మీరు కూడా అదే మాటంటే ఆ అచ్చు తీసి అవతల పారేస్తాను. మళ్ళీ ఇలాంటి బండ్ల జోలికి పోను. అందరూ అడిగే ట్యాంకులే చేసుకుంటాం."

"చూసి చెబుతాను," అన్నాను. ఇంకేమీ అనలేదు. చూడకుండా ధైర్యం చెప్పడం కూడా ఒక తీర్పే.

క్రేను ఎక్కించిన రోజు లారీని గాజుపలక మీద నిలబెట్టాను. సర్వేయరుగారి మాట అబద్ధం కాదు. ముందు ఠీవిగా ఉంది, వెనక అలిసిపోయిన మనిషిలా కూలబడి ఉంది. వెనక చక్రాలు మడ్గార్డులకి ఆనుకుని, తిప్పితే తిరగడం లేదు.

అప్పుడు సాక్షి పెట్టె దించి టేపు కోశాను. ముక్కలన్నీ తెల్లగుడ్డ మీద వరసగా పేర్చాను. ఒక్కొక్కదాన్నీ అతను కట్టినదాని పక్కన పెట్టి చూస్తూ పోయాను. తలుపులు సమానం. బానెట్టు సమానం. ఇరుసులు సమానం. చక్రాలు సమానం. బండి అడుగు చట్రం చేతిలోకి తీసుకుని తిరగేశాను.

వెనక భాగంలో, ఇటొకటి అటొకటి, రెండు బొడిపెలు ఉన్నాయి. బొడ్లేననుకున్నాను. అయితే మిగతా బొడ్ల కొసలు గరుగ్గా, విరిగినట్టు ఉన్నాయి. ఈ రెండింటి కొసలు చదునుగా ఉన్నాయి. ఒక్కొక్కదాని నడుమ వెంట్రుకంత గాడి ఉంది. చక్రాల పైన బండి బరువు మోసే కమాను పట్టీల ముక్కని తెచ్చి ఆ గాడిలో పెట్టాను. టక్కుమని కూర్చుంది.

అవి బొడ్లు కావు. కమాన్లను ఎత్తి పట్టుకునే దిమ్మలు. చట్రం అసలు బొడ్డు ముందు కొసన, వేరేచోట ఉంది.

తమ్ముడు కట్టిన బండిని తిరగేసి భూతద్దం పెట్టి చూశాను. దిమ్మలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. వేలితో రాస్తే ఏమీ తగల్లేదు. ఎక్కడ కోశాడో తెలియనంత నున్నగా, కళ్ళజోడు అద్దం అరగదీసినట్టు అరగదీశాడు. చేయి తిరిగినవాడు మాత్రమే చేయగల పొరపాటు అది. నాలాంటిదైతే ఆ జాగాలో వంకరటింకరగా ఏదో ఒకటి మిగిలి ఉండేది. నేను చాలాసేపు ఆ నున్నటి చోటు మీదనుంచి వేలు తీయలేదు.

మరదలు వచ్చి చూసి, "ఏమైంది వదినా?" అంది. రెండు చట్రాలూ ఆమెకి చూపించి చెప్పాను. సూచనల కాగితంలో చట్రం బొమ్మ పైనుంచే ఉంది, కింది నుంచి లేదు. అదీ చూపించాను. ఆమె రెండింటినీ వెలుతురుకి పట్టి, బట్టల కుట్టు తనిఖీ చేసినట్టు చూసింది.

"మీ తమ్ముడే కోసేశాడా?"

"కోసేశాడు."

"అదే రాస్తారా?"

"రాయాలి."

"పత్రిక నిండా అందరూ మీ తమ్ముణ్ణి మెచ్చుకుంటూ రాస్తున్నారు. ఫోటో వేస్తున్నారు. మధ్యలో మీరొక్కరు, సొంత అక్క, తమ్ముడి చేయి తప్పిందని రాస్తారా? పోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోగలడా?"

సాక్షి చట్రానికి కమాన్లు పెట్టడం మొదలుపెట్టాను. చేతులకి ఏదో ఒక పని కావాలి. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు పెద్దగా చప్పుడయ్యాయి. కాసేపటికి తడిచేతులతో మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

"బతికుంటే ఏం చేసేవాడో నాకు తెలుసు," అంది. "సాక్షి పెట్టె విప్పేవాడు. చూసేవాడు. ఆ పూట అన్నం సహించేది కాదు. నా మీద ఊరికే విసుక్కునేవాడు. ఆ తర్వాత ఆవిడకి ఫోన్ చేసి, 'నేనే కోసేశానమ్మా' అని చెప్పి, పెద్దగా నవ్వేవాడు."

"అవును."

"ఆ నవ్వు మాత్రం మీరు రాయలేరుగా," అని కొంగుతో చేతులు తుడుచుకుంది. "రాయండి. రాసి నాకు చూపించండి. పుల్లవిరుపు మాట ఒక్కటున్నా చింపేస్తాను."

సాక్షి పెట్టెని మొత్తం కట్టాను. అచ్చంగా నా పనే కనక జిగురు మరకలున్నాయి, ఒక తలుపు కొంచెం వంకర. కానీ గాజుపలక మీద పెడితే ఆరు చక్రాలూ ఆనాయి. కాగితం ముక్క ఏ చక్రం కిందా దూరలేదు. వెనక కూలబడలేదు.

సంఘం గది రంగుల దుకాణం మేడ మీద. మెట్ల మీదే రంగుల వాసన. బల్ల మీద రెండు లారీలూ పక్కపక్కన పెట్టి, రెండింటినీ తిరగేసి చూపించాను. సర్వేయరుగారు జేబులోంచి పరికరం తీసి దిమ్మలు కొలిచారు, మళ్ళీ కొలిచారు. సంఘంలో ఒక పళ్ళ డాక్టరుగారున్నారు, ఆయన వంగి చూసి నాలుక కరుచుకున్నారు.

"నేనైనా కోసేవాణ్ణే," అన్నారు డాక్టరుగారు. "బొడ్డులా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకి బొడిపెలు లేవు."

"నేననేదీ అదే," అన్నారు సర్వేయరుగారు. "అందరూ కోసేదాన్ని అలా తయారుచేయడమే ఆవిడ తప్పు. కొనకండి అన్న మాట నిలబడుతుంది."

"కాగితంలో కింది నుంచి బొమ్మ వేయకపోవడం ఆవిడ తప్పు. అది రాస్తాను. కొక్కెం మొద్దుగా ఉంది, అద్దాలు మసగ్గా ఉన్నాయి. అవీ రాస్తాను. బండి వెనక్కి కూర్చోవడం ఆవిడ తప్పు కాదు. అదీ రాస్తాను."

"మరెవరి తప్పని రాస్తారు?"

"కోసినవాళ్ళది."

సర్వేయరుగారు గొంతు తగ్గించారు. "అమ్మా, ఇది జ్ఞాపక సంచిక. ఫోటో పక్కన పొరపాటు వేస్తామా? మీ తమ్ముడంటే నాకూ ప్రాణమే. పోనీ, అసలా లారీ ఊసే ఎత్తొద్దు. ఎవరికీ నష్టం లేదు."

"మీరిద్దరూ అన్న మాట ఇప్పటికే ఆవిడ చెవిన పడింది. మనం ఊసెత్తకపోతే ఆ మాటే మిగులుతుంది. ఆవిడ అచ్చు పారేస్తుంది. మా తమ్ముడి చివరి తీర్పు అదవుతుంది. అది తప్పు తీర్పు. అతని పేరు మీద తప్పు తీర్పు ఉండనివ్వను."

"మీరు మొండివారు."

"పిల్లలూ అదే అంటారు."

ఆయన లేచి గోడ దగ్గరి అద్దాల బీరువా తాళం తీశారు. పై అరలోంచి తన లారీ తీశారు. రంగు కూడా వేసి, బురద మరకలు కూడా దిద్ది, ముచ్చటగా ఉంది. వెనక్కి కూర్చుని ఉంది. ఆయన దాన్ని తిరగేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ కొలవడానికేమీ లేకపోయినా అలవాటుగా పరికరం ఆనించారు.

"అతనంత నున్నగా రాలేదు నాకు," అన్నారు మా వైపు తిరగకుండానే. "కొంచెం గీత మిగిలింది. ఆ గీత చూసైనా నాకు తట్టాల్సింది." బండిని బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అతని పేరొక్కటే వేస్తే న్యాయం కాదు. నాదీ వేయండి. నాది ముందు వేయండి, వయసులో పెద్దవాణ్ణి."

ఆ పేజీ నేను రాశాను. ఎక్కువ మాటలు పట్టలేదు. టైర్లు ఈ మధ్య వచ్చిన ఏ పెట్టెలోనివాటికీ తీసిపోవని, కొక్కెం మార్చాలని, అద్దాల బదులు పలచటి ప్లాస్టిక్కు వాడుకోవాలని, దారానికి మైనం పట్టించాలని రాశాను. చట్రం వెనక ఉన్న రెండు దిమ్మలను బొడ్లనుకుని సంఘంలో ఇద్దరు చేయి తిరిగినవాళ్ళు కోసేశారని, వాళ్ళ పేర్లతో సహా రాశాను. కోయకపోతే బండి నిటారుగా నిలబడుతుందని, కొనదగిన పెట్టె అని ముగించాను. మరదలు నిలబడే చదివింది. "చింపక్కర్లేదు," అని తిరిగిచ్చింది.

ఆ వారమే కుట్టుమిషను వచ్చింది. ఇద్దరం కలిసి బల్లని గోడ వైపు జరిపాం. కోసిన చట్రం ఉన్న లారీని ఆమె తీసుకుని, పత్రికవాళ్ళు ఫ్రేము కట్టించి ఇచ్చిన ఫోటో కింద పెట్టింది. వెనక్కి కూర్చుని ఉన్నదాన్నే. నా వంకర తలుపు బండి నాకిచ్చేసింది.

సాయంత్రం ఆ బల్ల దగ్గరినుంచే ఆవిడకి ఫోన్ చేశాను. అచ్చుకి ముందే చేయాలి, తమ్ముడి పద్ధతి అది.

"మీ బండి నిలబడిందండీ," అన్నాను. "మావాళ్ళు దిమ్మలు కోసేశారు. మా తమ్ముడూ కోశాడు. కాగితంలో కింది నుంచి ఒక బొమ్మ వేయండి."

అవతల దూరంగా, "నాన్నా! నిలబడిందట!" అని కేక వినపడింది. కాసేపటికి ఆవిడ మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. ముక్కు ఎగబీల్చింది.

"కొక్కెం ఎలా ఉందండీ?"

"బాగాలేదు," అన్నాను.

"మారుస్తాను," అంది ఆవిడ.